ఐదు రూపాయల వాషరుకి మూడొందల విజిటింగ్ చార్జీ ఎందుకు?

విశాఖపట్నంలో కంచరపాలెం మెట్టు దగ్గర మాది హార్డ్‌వేర్ షాపు. నాన్న పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పొద్దున్నే షట్టర్ ఎత్తగానే వచ్చే మొదటి బేరం మామూలుగా టెన్షన్‌తోనే వస్తుంది. “బాబూ, రాత్రంతా పంపు కారతానే ఉంది” అని ఓ పెద్దావిడ, “అంకుల్, తాళం తిరగట్లేదు, ఆఫీసుకి లేటైపోతోంది” అని ఓ కుర్రాడు. ఇద్దరిదీ పావుగంట పని. చెయ్యి అలవాటు లేక కొండలా కనిపిస్తుంది.

ప్లంబర్లు, ఎలక్ట్రీషియన్లు నా ఖాతా కస్టమర్లే. వాళ్ల పొట్ట కొట్టాలని నాకేం లేదు. అసలు వాషరు మార్చడానికి రమ్మంటే మంచి ప్లంబరు మొహం చిట్లిస్తాడు. పెట్రోలు, టైము లెక్కేసుకుని మూడొందలు అంటాడు. మీకది ఎక్కువ, అతనికది తక్కువ. ఇలాంటి చిన్నాచితకా పనులు మీరే చేసుకుంటే ఇద్దరికీ సుఖం.

కింద రాసినవన్నీ ఏదో ఒక ఆదివారం టిఫిన్ అయ్యాక కూర్చుని నేర్చుకోదగ్గవే. అన్నీ ఇంట్లో ఏ ఇబ్బందీ లేని రోజునే ఒకసారి చేసి చూడండి. నీళ్లు పైకి చిమ్ముతుంటే అప్పుడు గేట్ వాల్వు ఎక్కడుందో వెతకడం మహా చిరాకు.

కారే పంపు

ముందు మీ పంపు ఏ రకమో చూడండి. మూడు నాలుగు చుట్లు తిప్పితే గానీ పూర్తిగా తెరుచుకోనిది పాత రకం, లోపల రబ్బరు వాషరు ఉంటుంది. పావు చుట్టుకే తెరుచుకునేది కొత్త రకం. అందులో వాషరు బదులు సెరామిక్ బిళ్లలున్న స్పిండిల్ ఉంటుంది. అది పాడైతే స్పిండిల్ మొత్తం మార్చాలి, అదీ అదే కంపెనీది, అదే మోడల్‌ది దొరకాలి. విప్పే పద్ధతి మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే.

నీళ్లు ఆపడం మొదటి పని. అపార్ట్‌మెంట్లో అయితే బాత్రూమ్‌కో వంటింటికో విడిగా వాల్వు ఉంటుంది. సొంతిల్లయితే పైన ట్యాంకు దగ్గర చూడండి. చాలా ఇళ్లలో ఆ వాల్వుని ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోరు కాబట్టి పట్టుకుపోయి ఉంటుంది. ఒకేసారి బలం పెడితే విరుగుతుంది. కాస్త అటు, కాస్త ఇటు కదుపుతూ పోతే దానంతటదే వదులవుతుంది. ఆర్నెల్లకోసారి ఊరికే మూసి తెరుస్తూ ఉంటే ఈ బాధే ఉండదు. వాల్వు మూశాక పంపు తిప్పి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వండి. సింకు పంపయితే కింద కంతలో గుడ్డ కుక్కండి. స్క్రూ అందులో పడిందంటే ఇక నిజంగానే ప్లంబర్ని పిలవాలి.

పంపు తల మీద ఎరుపో నీలమో చిన్న మూత ఉంటుంది. గోటితో లేపితే కింద స్క్రూ. అది తీసి పిడిని పైకి లాగాలి. మన ఊరి ఉప్పుగాలికి, బోరు నీళ్లకి పిడి అతుక్కుపోయి ఉండడం మామూలే. వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి అరగంట వదిలేయండి, తెల్లటి పొర కరిగి పిడి ఊడి వస్తుంది. పిడి కింద ఆరు పలకల నట్టు కనిపిస్తుంది. దానికి బట్ట చుట్టి, రెంచితో గడియారం ముల్లుకి ఎదురు దిక్కున తిప్పండి. బట్ట లేకపోతే రెంచి పళ్లు పైన క్రోమ్ పూతని గీరేస్తాయి. నట్టుతో పాటు లోపలి కాడ బయటికొస్తుంది. దాని కొసన నల్లటి రబ్బరు బిళ్ల. గుండ్రంగా గుంట పడి, అంచులు చిట్లి ఉందంటే దొంగ దొరికినట్టే.

దాన్ని పారేయకండి. జేబులో వేసుకుని షాపుకి తీసుకురండి. “అరంగుళం వాషరు” అని అడిగినా ఇస్తాం కానీ, కొన్ని కంపెనీల వాషర్లు మందంలో తేడా ఉంటాయి. పాతది కౌంటర్ మీద పెడితే మాట్లాడే పనే లేదు. ఐదో పదో రూపాయలు, నాలుగు కొని ఇంట్లో పడేసుకోండి.

కొత్తది పెట్టే ముందు ఇంకొక్క పని ఉంది, సగం మంది ప్లంబర్లు కూడా చెయ్యరు. పంపు లోపలికి వేలు పెట్టి, వాషరు కూర్చునే ఇత్తడి అంచు చుట్టూ మెల్లగా తడమండి. నున్నగా తగిలితే పర్లేదు. గరుగ్గా, ఎక్కడో ఒకచోట గాటు పడినట్టు తగిలితే మాత్రం ఎన్ని వాషర్లు మార్చినా మళ్లీ కారుతుంది. గాటులోంచి నీళ్లు దారి చేసుకుంటాయి. అప్పుడు పంపే మార్చుకోవడం మేలు. ఇలాంటి పంపుకి నెలకో వాషరు కొనుక్కెళ్లేవాళ్లున్నారు. వ్యాపారం నాకు బానే ఉంది గానీ, చెప్పకుండా ఉండలేక చెప్తుంటాను.

బిగించేటప్పుడు చేత్తో ఆగేదాకా తిప్పి, రెంచితో ఇంకో పావు చుట్టు చాలు. బలం కొద్దీ బిగిస్తే వాషరు నలిగిపోతుంది. తర్వాత వాల్వుని ఒక్కసారి కాకుండా నెమ్మదిగా తెరవండి.

పంపు మొత్తం మార్చాల్సొస్తే టెఫ్లాన్ టేపు చుట్టడం రావాలి. పంపు మర మీ వైపు ఉండేలా పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కునే టేపు చుట్టాలి. ఎదురు దిక్కున చుడితే పంపు బిగించే కొద్దీ టేపు విడిపోతుంది. లీకు అవుతోందని వచ్చే కొత్త పంపుల్లో చాలావాటి జబ్బు ఇదే. మొదటి మర వదిలేసి, టేపుని కాస్త లాగి పట్టుకుంటూ ఎనిమిది పది చుట్లు చుట్టండి. మర గీతలు టేపు మీంచి కనిపించేలా అతుక్కోవాలి.

తాళం, కత్తి

తాళం బిగుసుకుంటే అందరూ చేసే పని కొబ్బరి నూనె పోయడం. పోసిన రోజు గమ్మున తిరుగుతుంది. తర్వాత ఆ నూనెకి దుమ్ము పట్టి, లోపల జిగురు తయారవుతుంది. నూనె బదులు పెన్సిల్ తీసుకోండి. తాళంచెవి గాట్ల మీద రెండు వైపులా పెన్సిల్ ముక్కుతో బాగా రుద్ది, తాళంలో పెట్టి నాలుగైదు సార్లు తీసి పెట్టండి. పెన్సిల్లో ఉండే గ్రాఫైట్ పొడిగానే జారుడునిస్తుంది, దుమ్ముని పట్టుకోదు. బీచ్ రోడ్డు వైపు, లాసన్స్ బే వైపు ఉండేవాళ్లు తాళం కొనేటప్పుడే ఇనుప కొంకి ఉన్నది కాకుండా ఇత్తడిదో స్టెయిన్‌లెస్ స్టీలుదో అడగాలి. కిటికీ మడత బందుల స్క్రూలకీ ఇదే మాట. సముద్రం పక్కన మామూలు ఇనుప స్క్రూ రెండు వానలకే ఎర్రబడుతుంది.

కత్తి తెగట్లేదని కొత్త కత్తి కొనేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది. పింగాణీ కప్పు బోర్లిస్తే అడుగున మెరుపు లేకుండా గరుకుగా ఒక వలయం ఉంటుంది. అదే సానరాయి. కత్తి వెన్ను కింద చిటికెన వేలు దూరేంత ఎత్తు ఉంచి, పిడి దగ్గర్నుంచి మొన దాకా మెల్లగా లాగండి. ఒక వైపు పదిసార్లు, రెండో వైపు పదిసార్లు. ఎత్తు మారకుండా ఉండడమే ఇందులో ఉన్న పనితనమంతా. టమాటా తొక్క మీద కత్తి ఆనిస్తే నొక్కకుండానే దిగాలి. సాన పట్టాక కత్తిని కడిగి తుడవాలి, కంటికి కనపడని ఇనుప పొడి ఉంటుంది.

గ్యాస్ బండ

సిలిండర్ ఇంటికి రాగానే బరువు చూసేవాళ్లు కొంతమంది ఉన్నారు, తేదీ చూసేవాళ్లు చాలా తక్కువ. పైన చేత్తో పట్టుకునే కడ్డీ కింద మూడు నిలువు పట్టీలు ఉంటాయి కదా. వాటిలో ఒకదాని లోపలి వైపున ఒక ఇంగ్లిష్ అక్షరం, పక్కన రెండంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జులై నుంచి సెప్టెంబర్, డి అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్. అంకెలు సంవత్సరం. బి-28 అని ఉంటే 2028 జూన్ లోపల ఆ బండని మళ్లీ పరీక్షకి పంపాలని అర్థం. ఆ గడువు దాటిన బండ తెస్తే నిక్కచ్చిగా వెనక్కి పంపండి, మార్చివ్వాల్సిన బాధ్యత వాళ్లదే. బరువు లెక్క కూడా తేలికే. ఖాళీ బండ బరువు దాని మీదే రాసి ఉంటుంది, దానికి 14.2 కిలోల గ్యాస్ కలిపితే రావలసిన మొత్తం.

లోపల గ్యాస్ ఎంతుందో తెలియాలంటే తడి గుడ్డతో బండని పైనుంచి కిందకి తుడిచి రెండు నిమిషాలు ఆగండి. పై భాగం ముందుగా ఆరిపోతుంది, కింది భాగం తడిగానే ఉంటుంది. ఆ గీత దాకా గ్యాస్ ఉన్నట్టు. అక్కడ లోపల ద్రవం ఉంటుంది, అది తొందరగా వేడెక్కదు కాబట్టి బయటి తడీ తొందరగా ఆరదు.

లీకు చూడడానికి అగ్గిపుల్ల గీసే మహానుభావులు ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు. గిన్నెలో సబ్బు నురగ చేసి, రెగ్యులేటర్ చుట్టూ, గొట్టం పొడుగునా, స్టవ్ దగ్గర అతుకు మీద రాయండి. బుడగ ఉబ్బితే అక్కడే లీకు. లోపల పాడైపోయినా పైకి బాగానే కనిపించే గొట్టాన్ని జనం మార్చరు. ఆరెంజ్ రంగు సురక్షా గొట్టం మీద తయారీ తేదీ అచ్చు వేసి ఉంటుంది, పగుళ్లు ఉన్నా లేకున్నా ఐదేళ్లకి మార్చేయాలి.

ఘాటుగా వాసన వస్తే మాత్రం సబ్బు నీళ్లూ వద్దు, ఏమీ వద్దు. లైటు స్విచ్చు వెయ్యకూడదు, వెలుగుతున్నది ఆపకూడదు కూడా. స్విచ్చు ఆపేటప్పుడు కూడా లోపల నిప్పురవ్వ పుడుతుంది. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు కిటికీలు బార్లా తెరిచి, అందర్నీ బయటికి తీసుకెళ్లండి. ఈ గ్యాస్ గాలి కన్నా బరువు కాబట్టి నేల మట్టాన నిలిచిపోతుంది. వాసన తగ్గింది కదా అని వెంటనే లోపలికి వెళ్లకూడదు. బయటికొచ్చాకే ఫోన్ తీసి 1906కి చెయ్యండి.

మీటరులో ఎర్ర చుక్క

కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని గొడవ పడేముందు మీటరు ముందు ఐదు నిమిషాలు నిలబడండి. దాని మీద ఒక చిన్న ఎర్ర లైటు ఆగి ఆగి మెరుస్తుంటుంది. పక్కనే 3200 అనో 1600 అనో ఒక అంకె ఉంటుంది. ఆ లైటు అన్నిసార్లు మెరిస్తే ఒక యూనిట్ కాలినట్టు.

ఇక లెక్క చూద్దాం. మీ మీటరు మీద 3200 అని ఉంది అనుకుందాం. ఇంట్లో అన్నీ కట్టేసి ఒక్క ఫ్యానే వెయ్యండి. నిమిషంలో ఎన్నిసార్లు మెరిసిందో లెక్కపెట్టి, ఆ అంకెని 18.75తో గుణించండి. వచ్చేది వాట్లు. నాలుగు మెరుపులు వస్తే 75 వాట్లు, అంటే మామూలు పాత ఫ్యాను. కొత్త బీఎల్‌డీసీ ఫ్యాను ఫుల్ స్పీడులో ముప్ఫై వాట్ల చుట్టుపక్కలే తింటుంది, రెండు నిమిషాలకి మూడో నాలుగో మెరుస్తుంది. అదే 2000 వాట్ల గీజరు వేస్తే నిమిషానికి వందకి పైగా మెరుస్తుంది, లెక్కపెట్టలేరు. ఫోన్‌లో అరనిమిషం వీడియో తీసుకుని, తర్వాత నెమ్మదిగా చూసి రెట్టింపు చేసుకోండి.

ఈ పని మా షాపుకొచ్చిన పదో తరగతి కుర్రాడికి ఒకడికి చెప్పాను. వాడు ఇంటికెళ్లి టీవీ, ఫ్రిజ్, మిక్సీ అన్నీ ఒక్కొక్కటే వేసి లెక్కలన్నీ నోట్‌బుక్కులో రాసుకొచ్చాడు. వాడికి తేలిందేమిటంటే, టీవీ ఆపేసినా సెట్‌టాప్ బాక్సు రాత్రీ పగలూ మింగుతూనే ఉంది. పది వాట్లయినా నెలంతా తిరిగేసరికి ఏడు యూనిట్లు. వాళ్ల నాన్న ఆ మర్నాడు వచ్చి స్విచ్చున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు కొనుక్కెళ్లాడు.

అసలు ముఖ్యమైన పరీక్ష ఇంకోటి. ఇంట్లో ప్రతి స్విచ్చూ ఆపేసి, ఫ్రిజ్, ఇన్వర్టరు, వైఫై ప్లగ్గులు కూడా పీకేసి మీటరు చూడండి. ఐదు నిమిషాలైనా ఎర్ర లైటు కదలకూడదు. కదిలిందంటే కరెంటు ఎక్కడికో పోతోంది. అప్పుడు బోర్డులో ఎంసీబీలు, అంటే ఒక్కో లైనుకి ఒక్కోటి ఉండే మీట స్విచ్చులు, ఒక్కొక్కటే కిందకి దించుతూ పోండి. ఏది దించితే మెరుపు ఆగిందో ఆ లైన్లోనే లోపం. ఎలక్ట్రీషియన్ని పిలిచి “హాలు లైన్లో లీకేజీ ఉంది, చూడు” అంటే అరపూట పని గంటలో తేలుతుంది. మెయిన్ కట్టేసినా ఇంకా మెరుస్తుంటే అది మీటరుకీ మీ బోర్డుకీ మధ్య సంగతి. దాన్ని ముట్టుకోకుండా 1912కి ఫోన్ చేసి కంప్లైంట్ ఇవ్వండి.

బోర్డులోనే టి అని రాసిన చిన్న బటన్ ఉన్న స్విచ్చు ఉందేమో చూడండి. అది ఆర్‌సీసీబీ. ఎంసీబీ వైరు కాలిపోకుండా కాపాడుతుంది, ఇది మనిషి షాకుకి పోకుండా కాపాడుతుంది. నెలకోసారి ఆ బటన్ నొక్కాలి, నొక్కగానే టక్కున పడిపోవాలి. పడలేదంటే పని చెయ్యట్లేదు, మార్చేయండి. వైజాగ్ చెమట వాతావరణంలో, తడి చేతుల వంటింట్లో ఇది లేని ఇల్లంటే నాకు భయం. ఇక వైర్లు విప్పడం, స్విచ్ బోర్డు లోపల చెయ్యి పెట్టడం లాంటివి ఈ ఆదివారం పాఠాల్లో లేవు. యూట్యూబ్ చూసి చెయ్యొద్దు.

రెండు ముడులు

నైలాన్ తాడు కొనేవాళ్లలో సగం మంది దండెం కోసం కొంటారు. నెల తిరక్కుండా “తాడు సాగిపోయింది, మంచిది ఇవ్వండి” అని మళ్లీ వస్తారు. తాడు కొంత సాగుతుంది, నిజమే. ఎక్కువ తప్పు మాత్రం ముడిది. జాలారిపేట నుంచి వలల తాళ్లకి మా దగ్గరికొచ్చే ఒకాయన ఒక మాట అన్నాడు: “బిగించడం ఎవుడికైనా వొచ్చు బాబూ, మళ్లీ ఇప్పడం రావాల.” ఆయన చూపించినవే ఈ రెండూ.

మొదటిది స్తంభానికి కట్టే ముడి. పడవలు కట్టేదీ ఇదే. తాడుని స్తంభం చుట్టూ తిప్పి, పొడుగు భాగం ఎడమ చేత్తో, పొట్టి కొస కుడి చేత్తో పట్టుకోండి. పొడుగు భాగం మీద, స్తంభానికి జానెడు దూరంలో, చిన్న కన్ను చెయ్యండి. స్తంభం వైపు వెళ్లే తాడు పైన, మీ చేతి వైపు వచ్చే తాడు కింద ఉండాలి. ఇప్పుడు పొట్టి కొసని ఆ కన్నులోకి కిందనుంచి పైకి తీసి, పొడుగు భాగం వెనకనుంచి చుట్టి, మళ్లీ అదే కన్నులోకి పైనుంచి కిందకి దింపండి. కొసని, దాని పక్కనున్న పోగుని కలిపి పట్టుకుని పొడుగు భాగం లాగితే ముడి కూర్చుంటుంది. ఎంత బరువు పడినా స్తంభం చుట్టూ ఉన్న ఉచ్చు బిగుసుకోదు. విప్పాలంటే ముడి వెనక వంపుని బొటనవేలితో ముందుకి తొయ్యండి, విడిపోతుంది. కన్ను తిరగబడితే ముడి పడదు, చేతిలోంచి జారిపోతుంది. అలా జారితే కన్ను మళ్లీ చేసుకోండి.

రెండోది దండెం రెండో చివర బిగించేది. కొక్కేనికి మూర దూరంలో తాడుని రెండు పొరలుగా మడిచి, ఆ మడతనే మామూలు ముడిలా వేస్తే ఒక చిన్న ఉంగరం మిగులుతుంది. మిగతా కొసని కొక్కెం చుట్టూ తిప్పి తెచ్చి, ఆ ఉంగరంలోంచి దూర్చి, మళ్లీ కొక్కెం వైపు లాగండి. మామూలుగా లాగినదానికి రెట్టింపు బిగువు వస్తుంది. ఉంగరం దగ్గర తాడుని రెండు వేళ్లతో నొక్కి పట్టుకుని, కొసతో పక్కనే రెండు అరముడులు వెయ్యండి. తడి దుప్పటి ఆరేసినా కిందకి వేలాడదు. వర్షాకాలం తర్వాత సాగితే అరముడులు విప్పి, లాగి, మళ్లీ వేసుకోవడమే.

స్కూటర్ వెనక బియ్యం బస్తాకీ, డాబా మీద నీళ్ల ట్యాంకు మూతకీ ఇదే ముడి.

పోర్టు నంబర్లు

ట్యాంకు మూత అన్నాక తుఫాను సంగతి చెప్పకుండా ఎలా? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఊరి మీదుగా తీరం దాటినప్పుడు, ట్యాంకు మూతలు, రేకులు గాల్లో ఎగరడం కళ్లారా చూశాం. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు తిరగదు, నీళ్లు లేవు. అందుకని తుఫాను మాట వినగానే ట్యాంకు, బక్కెట్లు, గిన్నెలు నింపి పెట్టడం మా ఇంట్లో అందరికీ అలవాటు.

“విశాఖ పోర్టులో మూడో నంబరు హెచ్చరిక” అని వార్తల్లో వస్తుంది కదా. నంబరు పెరిగితే ప్రమాదం పెరిగినట్టేనని జనం అనుకుంటారు. కొంతవరకే నిజం. ఒకటి, రెండు అంటే తుఫాను లాంటిది దూరంగా సముద్రంలో ఎక్కడో ఉంది. మూడు, నాలుగు అంటే దాని ప్రభావం మన పోర్టు మీద కూడా పడొచ్చు, జాగ్రత్త. ఐదు, ఆరు, ఏడు మూడూ ప్రమాదపు నంబర్లే, తుఫాను తీవ్రతలో తేడా లేదు. తుఫాను పోర్టుని తన ఎడమ పక్కన వదిలేసి పోతుందనుకుంటే ఐదు, కుడి పక్కన వదిలేస్తే ఆరు, నేరుగా పోర్టు మీదకో దాని పక్కకో వస్తే ఏడు. ఎనిమిది, తొమ్మిది, పది కూడా అదే వరస, కాకపోతే తుఫాను ఇంకా తీవ్రమైనది. పదకొండు వేశారంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని అర్థం.

ఎడమా కుడీ తేడా ఎందుకంటే, మన వైపు తుఫానులో గాలి గడియారానికి ఎదురు దిక్కున తిరుగుతుంది. అది కదులుతున్న దారికి కుడి పక్కన ఆ తిరుగుడు వేగం, తుఫాను నడక వేగం రెండూ కలుస్తాయి. అందుకే కుడి పక్కన దెబ్బ ఎక్కువ. తుఫాను మనకి దక్షిణాన, తుని కాకినాడ వైపు తీరం దాటుతోందంటే మనం దాని కుడి పక్కన ఉంటాం. “అక్కడ కదా దాటేది, మనకేం కాదు” అని ఊరుకోకూడదు.

ఇంకోటి. హోరుగాలి మధ్యలో ఒక్కసారిగా అంతా ఆగిపోతే తుఫాను వెళ్లిపోయిందని బయటికి పరిగెత్తకండి. ఆ రోజు మా వీధిలో చాలామంది అలాగే వచ్చారు, రేకులు ఏరుకోవడానికి. అది తుఫాను కన్ను. కాసేపట్లో గాలి ఎదురు దిక్కు నుంచి మళ్లీ మొదలవుతుంది, మొదటి గాలికి వదులైనవన్నీ రెండో గాలికి ఊడతాయి. వాతావరణ శాఖ వాళ్లు చెప్పేదాకా లోపలే ఉండండి.

డబ్బాలో ఏముండాలి

కొత్తగా కాపురం పెట్టిన వాళ్లు “అంకుల్, ఒక టూల్ కిట్ ఇవ్వండి” అని వస్తారు. వంద ముక్కల కిట్లు నా దగ్గరా ఉన్నాయి. అమ్ముతాను కూడా. కానీ అడిగితే మాత్రం విడిగా కొనుక్కోమంటాను. పది అంగుళాల రెంచి ఒకటి, కటింగ్ ప్లేయరు, రెండు వైపులా మొనలు మార్చుకునే స్క్రూడ్రైవరు, టెస్టరు, టెఫ్లాన్ టేపు రెండు చుట్టలు, అరంగుళం వాషర్లు, ఎంసీల్ ప్యాకెట్టు, పది మీటర్ల నైలాన్ తాడు, టార్చి. డబ్బు ఎక్కువ పెట్టాల్సింది రెంచి మీద. చవక రెంచి దవడ కాస్త బలం పెట్టగానే వదులై నట్టు మూలల్ని గుండ్రంగా అరగదీస్తుంది, ఆ తర్వాత ఆ నట్టు ఎవరికీ లొంగదు. కొనేటప్పుడు దవడని సగం తెరిచి అటూ ఇటూ ఊపి చూడండి, లొడలొడలాడితే పక్కన పెట్టేయండి.

కలిపిన ఎంసీల్ గట్టిపడిపోతుంది, చిన్న సైజే కొనండి. టెస్టరు కొన్నాక ముందు కరెంటు ఉందని తెలిసిన ప్లగ్గులో పెట్టి వెలుగుతోందో లేదో చూడండి, ఆ తర్వాతే దాని మాట నమ్మండి. డ్రిల్లింగ్ మెషీన్ మాత్రం వద్దు. ఏడాదికి రెండు మేకులు కొట్టుకునే ఇంటికి అది దండగ, మూల పడి తుప్పు పడుతుంది. అపార్ట్‌మెంట్లో ఎవరో ఒకరి దగ్గర తప్పకుండా ఉంటుంది. అది నేనే అమ్మి ఉంటాను, వెళ్లి అడగండి.